ఎండు మడికి కాపలా

మేడమ్ గారు పోయారన్న సంగతి నాకు మా పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. రాజమండ్రిలో నేను బోటనీ చెప్పే కాలేజీలో కూర్చుని ఇంటర్నల్ పేపర్లు దిద్దుతున్నాను. ఫోన్ ఆగకుండా మోగుతుంటే తీసి చూశాను. ముందు ఒక ఫోటో, దాని కింద వరసగా దండాల బొమ్మలు. ఆ తరవాత ఒక్కొక్కరూ రాయడం మొదలెట్టారు. మహా శాస్త్రవేత్త అని ఒకరు, నిరాడంబరురాలని ఒకరు, రైతుబాంధవి అని ఇంకొకరు. ఆవిడే ఇవన్నీ చదివి ఉంటే కళ్లజోడు నుదుటి మీదకి తోసి, "ఎవరి గురించమ్మా ఇది?" అని అడిగేవారు. మిగతావి ఎలా ఉన్నా, రైతుబాంధవి అన్న మాట మాత్రం మా స్టేషన్ చుట్టుపక్కల రైతులు చచ్చినా ఒప్పుకోరు. వాళ్ల దృష్టిలో ఆవిడ పచ్చటి వరి చేనుని చేజేతులా ఎండబెట్టే మనిషి. పక్కన కాలవ నిండుగా పారుతుంటే, మడి నెర్రెలు విచ్చేదాకా చూస్తూ ఊరుకునే మనిషి.

ఆవిడ దగ్గర నేను రీసెర్చ్ ఫెలోగా పనిచేశాను. నిడదవోలు నుంచి రోజూ బస్సు. పడమటి డెల్టాలో ఒక పిల్ల కాలవ శివారున ఉండేది మా వరి పరిశోధన స్టేషను. అందులో ఆవిడ పని, ఒక్క ముక్కలో చెప్పాలంటే, బెట్ట తగిలినప్పుడు వరి మొక్క లోపల ఏం జరుగుతుందో కనుక్కోవడం. గోదావరి ఒడ్డున కూర్చుని కరువు మీద పరిశోధన ఏంటని మా వాళ్లే వేళాకోళం చేసేవారు. "కాలవ మొదట్లో కూర్చున్న వాళ్లు అలాగే అంటారు. దాళ్వాలో శివారు చేలకి వెళ్లి ఆ మాట అనమనండి" అనేవారు ఆవిడ. దాళ్వా అంటే మా డెల్టాలో ఎండాకాలం ముందు వేసే రెండో వరి పంట.

మాకు రెండు మడులుండేవి. ఒకటి తడి మడి, దానికి మామూలుగా నీళ్లు పెట్టేవాళ్లం. రెండోది ఎండు మడి. పొట్టకొచ్చే ముందు దానికి నీళ్లు ఆపేస్తే, గింజ గట్టిపడేదాకా మళ్లీ చుక్క పెట్టకూడదు. రెండింట్లోనూ అవే విత్తనాలు. మన పాత నాటు రకాలు, మెట్ట ప్రాంతాల నుంచి తెచ్చినవి, కొత్త సంకరాలు, అన్నీ కలగలిపి. దుబ్బుకి ఒకటే మొక్క, ప్రతి మొక్కకీ ఒక ట్యాగు.

మొక్కలో ఏ కణం తీసి చూసినా జన్యువులు అవే ఉంటాయి. ఏది ఎంత పనిచేస్తోందన్నదే తేడా. క్లాసులో నేను దాన్ని జన్యు వ్యక్తీకరణ అని బోర్డు మీద రాస్తాను. మేడమ్ గారు మాత్రం గొంతు అనేవారు. నీళ్లు తగ్గగానే మొక్కలో వేల జన్యువులు గొంతు మారుస్తాయి, కొన్ని పెంచుతాయి, కొన్ని తగ్గిస్తాయి. అది వినాలంటే ఎండ నడినెత్తిన ఉండగా ఆకు కోసి, కోసిన క్షణంలోనే ద్రవ నైట్రోజన్‌లో పడేయాలి. "తనని కోశారని ఆకుకి తెలిసేలోపు గడ్డకట్టిపోవాలమ్మా. తెలిసిందా, ఇక నీళ్ల సంగతి వదిలేసి కత్తెర సంగతి మాట్లాడుతుంది" అనేవారు.

ఆ కొద్ది సేపట్లో మా నీడ కూడా మొక్క మీద పడకూడదు. నీడ పడితే ఆకు గొంతు మారుతుందట. అందుకని అందరం ఉత్తరం వైపు నుంచే వరసల్లోకి రావాలి, ఎండ మొహాన కొట్టాలి, గొడుగు వేసుకోకూడదు. ఒకసారి పైనుంచి తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు గారు దక్షిణం గట్టు మీద నిలబడి ఏదో అడగబోతే, ఆవిడ తల కూడా ఎత్తకుండా, "మీ నీడ కొంచెం పక్కకి తీసుకెళ్తారాండీ" అన్నారు. ఆయన ఆ నీడని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు అవస్థ పడ్డారు.

ఆకులు కోసే రోజున ఆవిడ పని అయ్యేదాకా మంచినీళ్లు ముట్టేవారు కాదు. మొక్కలని ఎండబెడుతున్నందుకు ప్రాయశ్చిత్తంగా దీక్ష పట్టారని స్టేషనంతా చెప్పుకునేవారు. నేనూ నమ్మాను. ఓ రోజు అడిగేస్తే నన్ను వింతగా చూసి, "దీక్షా లేదు, పాడూ లేదు. ఆ చేలో ఆడవాళ్లకి బాత్రూమెక్కడుందో చూపించు, బిందెడు తాగుతాను" అన్నారు. ఆవిడ గురించి గొప్పగా చెప్పుకునే చాలా విషయాల వెనక ఇలాంటి సంగతే ఉండేది.

నైట్రోజన్ పెద్ద క్యాన్‌లో వచ్చేది. అచ్చం అలాంటి క్యానే పశువుల ఆసుపత్రి వాళ్లు గేదెలకి చూడి సూదులు వేయడానికి పట్టుకొస్తారు. దాంతో ఆవిడ గట్టు మీద కనపడితే చాలు, ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి, "డాక్టరు గారండీ, మా గేదె పొద్దుట్నుంచీ అరుస్తోందండి, ఒకసారి చూద్దురూ" అనేవారు. నేను నవ్వాపుకోలేకపోయేదాన్ని. ఆవిడ మాత్రం ఎప్పటి నుంచి అరుస్తోంది, ఎన్నో ఈత అని శ్రద్ధగా కనుక్కుని, ఆసుపత్రికి దారి చెప్పి పంపేవారు. "మేం అలాంటి డాక్టర్లం కాదని చెప్పొచ్చు కదండీ" అంటే, "చెప్తే గేదెకేం ఒరుగుతుంది?" అనేవారు.

ఆవిడ ఊతపదం ఒకటుండేది. "గింజ చెప్పిందా?" ఎవరే సిద్ధాంతం చెప్పినా ఆవిడ అడిగేది ఇదే. నేను తొలిసారి ఆకుల ఫలితాలన్నీ కంప్యూటర్లో ఎక్కించి, గొంతు పెంచినవి ఎరుపు, తగ్గించినవి నీలం, పెద్ద రంగుల పటం తీసుకెళ్లి ఆవిడ బల్ల మీద పరిచాను. బెట్టకి అందరికంటే గట్టిగా అరిచిన జన్యువులు ఇవిగో అని వేలు పెట్టి చూపించాను. ఆవిడ చూసి, "ముగ్గులా బాగుంది. గింజ చెప్పిందా?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. గింజకీ దీనికీ ఏం సంబంధమని అడిగాను. అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు.

"ఇంట్లో గ్యాస్ అయిపోయే రోజు ఉంటుందా? ఒకావిడ కంగారుపడి అన్ని పొయ్యిలూ కట్టేసి కూర్చుంటుంది. ఒకావిడ ఏం పట్టనట్టు అన్నీ వెలిగించుకుంటుంది. ఇంకో ఆవిడ పప్పు దింపేసి, అన్నం ఒక్కటీ ఉడకనిస్తుంది. బయట నుంచి చూస్తే మొదటావిడ చాలా పెద్ద మార్పు చేసినట్టు. కానీ అన్నం పెట్టింది మూడో ఆవిడ. మొక్కలూ అంతే. ఎండు మడిలో ప్రతి మొక్కా ఏదో ఒకటి మారుస్తుంది. అందులో కంగారు ఎంతో, తెలివి ఎంతో మనకి తెలీదు. ప్రకృతి అడిగేది ఒక్కటే, ఎన్ని గట్టి గింజలు పెట్టావు అని. ఏ గొంతు ఎలా మార్చిన మొక్క ఎక్కువ గింజలు పెట్టిందో, ఆ గొంతు వచ్చే ఏటికి మిగులుతుంది. తక్కిందంతా తాలు."

ప్రకృతి వరణం గురించి నేను అంతకు ముందు చాలా చదివాను, పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది ఒక మొక్క ఆకునీ, ఆ మొక్క గింజనీ కలిపి చూడాల్సిన సంగతని అప్పుడే అర్థమైంది. అందుకే ఆవిడ ఆకు కోసిన ప్రతి మొక్కనీ కోతల దాకా కనిపెట్టుకుని ఉండేవారు. కంకి దులిపి, అనుమానమొచ్చిన గింజని ముందు పళ్ల మధ్య పెట్టి కొరికి, తాలో గట్టిదో తేల్చేవారు. ఇంకో మాట కూడా అనేవారు. నీళ్లలో ఓపికగా పెంచుకుంటూ వచ్చిన మన రకాలకి తరాల తరబడి బెట్ట పరీక్షే లేదు, నీళ్లున్నప్పుడు లాభం తెచ్చే గొంతే నీళ్లు లేనప్పుడు కొంప ముంచవచ్చు, అని.

ఇక ఆవిడ రిటైరయ్యే ముందు దాళ్వా. అన్నేళ్ల పనిలోనూ ఆ ఏటి పంటే పెద్దది. ఎండు మడిలో ఎన్నడూ లేనన్ని రకాలు వేశాం. ఆకులు కోసి ల్యాబ్‌కి పంపేశాం. ఇక కోతల దాకా మడి అలాగే ఎండితే, ఏ గొంతు మార్పుకి ప్రకృతి ఓటు వేసిందో తేలిపోతుంది. ఆవిడకి మరో దాళ్వా లేదు. నీళ్లు పెట్టకుండా ఉంచడం, అంతే మేం చేయాల్సింది.

శివరాత్రి వచ్చింది. స్టేషన్‌కి సెలవు. అందరం ఎవరి ఊళ్లకి వాళ్లం వెళ్లాం.

మర్నాడు వచ్చి చూస్తే ఎండు మడి నిండా నీళ్లు. చుట్టలు చుట్టుకుపోయిన ఆకులన్నీ విచ్చుకుని నిలబడ్డాయి. కొంగలు కూడా వాలాయి. ఆ పచ్చదనం చూసి నాకు ఏడుపొచ్చింది. మేడమ్ గారు చెప్పులు గట్టున వదిలి నీళ్లలోకి దిగి నిలబడిపోయారు.

అంతలో బుల్లెట్ మీద ఒకాయన వచ్చారు. రాజు గారు. భీమవరం దగ్గర చేపల చెరువులు చేసి చేసి విసిగి, ఆ ఏడే మా పక్క చేను కొనుక్కుని వరిలోకి వచ్చిన మనిషి. ఎండు మడి సంగతి ఆయనకి ఇంకా తెలియదు. మొహం వెలిగిపోతోంది.

"నమస్కారమండీ మేడమ్ గారూ. నిన్న పండగ కదండీ, మీవాళ్లెవరూ ఉన్నట్టు లేరు. చేను చూస్తే ఆకులన్నీ ముడుచుకుపోయి ఉన్నాయండి. మీ నీళ్ల వంతు తప్పిపోయిందనుకున్నాను. నేనేమో ఉపవాసం. అదేమో అలా దాహంతో మాడిపోతోంది. మనసొప్పలేదండి. నిన్న మా వంతండి. మాది ఆపేసి మడవ మీ వైపు తిప్పేశాను."

నేను నోరు తెరవబోయాను. మేడమ్ గారు నా చెయ్యి పట్టుకుని నొక్కారు.

"మరి మీ చేనుకో అండి?"

"మా చేనుకేంటండీ, మళ్లీ వంతుకి చూసుకుంటాం."

"పొట్ట మీదుంది కదండీ మీది."

"ఆయ్. ఉంటే ఉందండి. పక్క చేను ఎండుతుంటే మనం తడుపుకుంటామాండీ?"

ఆవిడ గట్టెక్కి, ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఆయనకిచ్చారు. ఆయన సంతోషంగా తాగి వెళ్లారు. వెళ్లాక ఆవిడ నాతో, "ఏమీ చెప్పకు. తన చేను నోటి దగ్గర నీళ్లు తీసి పెట్టాడు మహానుభావుడు" అన్నారు.

కోతలయ్యాయి. ఆవిడ ఎప్పటిలాగే ప్రతి మొక్కనీ దులిపి చూశారు. ఒక పాత నాటు రకం తక్కిన అన్నిటికంటే మిన్నగా గింజ పెట్టింది. మా స్టేషన్ అధిపతి గారికి ప్రాణం లేచొచ్చింది. "ఒక్క తడే కదండీ, రిపోర్టులో ఆ ముక్క రాయకపోతే ఏమవుతుంది? బెట్టకి తట్టుకునే రకమని విడుదల చేద్దాం. మీ పేరు నిలబడిపోతుంది" అన్నారు. నేనైతే ఒప్పేసుకునేదాన్ని. గింజ కూడా చెప్పింది కదండీ అని నేనే అన్నాను.

"చెప్పింది. నీళ్లు తాగాక చెప్పింది" అన్నారు ఆవిడ. "నేను ఎవరో శివారు రైతుకి ఇది ఇచ్చి, ఆయన నీళ్లు రాకపోయినా పర్లేదనుకుని ధైర్యంగా వేస్తే? తాలు కోసుకునేది ఆయన."

పొరుగు చేను నుంచి నీళ్లు వచ్చాయి, కాబట్టి ఈ ఫలితం లెక్కకి రాదు అని రిపోర్టులో రాసి ఆవిడ రిటైరైపోయారు. సన్మానానికి శాలువా కప్పారు. అంతే.

రాజు గారికి అసలు సంగతి తరవాత మా స్టాఫ్ ఎవరో చెప్పేశారు. ఆయన మనిషి మనిషిలా లేకుండా రాజమండ్రిలో ఆవిడ ఇంటికి వచ్చారు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. గుమ్మంలోనే నిలబడి, "ఎంత పాపం చేశానండీ" అన్నారు. ఆవిడ లోపలికి పిలిచి కూర్చోబెట్టి, "మీ చేను ఎలా అయ్యింది?" అని అడిగారు. వంతు వదులుకున్నందుకు చాలా వరకు తాలు పోయిందని ఆయన మొహమాటపడుతూ చెప్పారు.

"ఒకటే రకం వేశారు కదండీ?"

"ఆయ్, అంతా ఒకటేనండి. మంచి రకమని."

"మంచిదే. కానీ అన్నీ ఒకేలా ఉంటే అన్నీ ఒకేలా దెబ్బతింటాయి. అందులో ఏరుకోవడానికి ప్రకృతికి ఏం మిగిలిందండీ?"

ఆయన లేచి వెళ్లబోతూ, "మా చేలో ఓ మూల మడి ఇస్తానండి. మీ కలగాపులగం విత్తనం అందులో వెయ్యండి. ఎండబెట్టుకోండి. ఈసారి నీళ్లు పెట్టకుండా నేనే కాపలా ఉంటాను" అన్నారు. డెల్టాలో ఒక ఆసామి నోట అలాంటి మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

అలా మొదలైంది. ల్యాబ్ లేదు, నైట్రోజన్ లేదు, ఆకుని అడిగే దారి లేదు. "పోనీలే, ప్రకృతి కూడా ఏ రోజూ ఆకు కోసి చూడలేదుగా" అనేవారు ఆవిడ. రకాలన్నీ కలిపి నారు ఊడ్చడం, ఎండబెట్టడం, ఏవి గింజ పెడితే ఆ గింజ కలిపి కోసి మళ్లీ దాళ్వాకి అదే వేయడం. తాలు పోయినవి వాటంతట అవే తప్పుకునేవి. ఆవిడ ఏదీ ఏరలేదు. తొలిసారి కలిపిన విత్తనంలో కొంత మాత్రం ఇంట్లో ఫ్రిజ్‌లో, కరివేపాకు డబ్బా పక్కన దాచారు.

రాజు గారు మాట నిలబెట్టుకున్నారు. స్టూలు తెచ్చుకుని గట్టు మీద కూర్చునేవారు. దారిన పోయేవాళ్లు, "ఏంటండీ రాజు గారూ, చేను అలా మాడిపోతుంటే చూస్తూ కూర్చున్నారు?" అంటే, "ఇవి మా మేడమ్ గారి పిల్లలండీ. పస్తులుంటేనే వీటికి చదువొస్తుందంట" అనేవారు. ఆవిడ బస్సు దిగి రాగానే స్టూలు ఆవిడకిచ్చి తను నిలబడేవారు. ఇద్దరూ ఎండిన మడి వైపు చూస్తూ గంటల తరబడి కబుర్లు చెప్పుకునేవారు. అన్నీ చేపల గురించే.

ఈ దాళ్వాకి ఆవిడే నాకు ఫోన్ చేశారు. "చాలు, ఇప్పుడు ఆకుని అడుగుదాం. ఫ్రిజ్‌లో విత్తనం ఒక పక్క, ఇన్నేళ్లూ ఎండలో మిగిలింది ఒక పక్క వేయిస్తున్నాను. రెండూ ఎండబెడదాం. బెట్టకి ఈ మిగిలినవాళ్లు మాట్లాడే తీరు ఆ ఫ్రిజ్ వాళ్ల తీరు కంటే మారిందా లేదా చూద్దాం. నువ్వు క్యాన్ సంపాదించు." అప్పటి ఆవిడ గొంతులో ఉన్న ఉత్సాహం నాకింకా వినిపిస్తోంది. ఊడ్పులు దగ్గరుండి చేయించారు. వారం తిరక్కుండానే నిద్రలో పోయారు.

మొన్న నైట్రోజన్ క్యాన్ ఆటోలో వేసుకుని నేనే వెళ్లాను. మడి నెర్రెలిచ్చి ఉంది. రాజు గారు బాగా తగ్గిపోయారు. మధ్యాహ్నం ఎండలో ఆకులు కోసి, రెండు రకాలవీ వేరువేరుగా క్యాన్‌లో దింపి మూత బిగించాను. ఆవిడ లేకుండా ఆ పని చేయడం నాకు కష్టంగా ఉంది, కళ్లు తుడుచుకోవడానికి కూడా చేతులు ఖాళీ లేవు.

"అయిపోయిందామ్మా?" అని అడిగారాయన.

"నా పని అయిందండి. గింజ గట్టిపడేదాకా ఇలాగే ఉంచాలి."

ఆ రోజు ఆయన వంతు. మడి పక్క నుంచే బోదెలో నీళ్లు ఆయన పెద్ద చేలోకి పారుతున్నాయి. మడికీ ఆ నీళ్లకీ మధ్య ఒక్క గట్టు అడ్డం, పారతో ఒక మట్టి పెళ్ల తీస్తే చాలు. ఆయన నీళ్ల వైపు చూశారు, మడి వైపు చూశారు.

"ఆవిడున్నప్పుడు ఇంత కష్టంగా ఉండేది కాదమ్మా. ఎండబెట్టమన్నావిడ పక్కనే కూర్చునుండేవారు. ఇప్పుడు ఒక్కణ్ణీ చూడలేకపోతున్నాను. పిల్లలు నా మొహమే చూస్తున్నట్టుంది."

ఆయన నాతో ఆటో దాకా వచ్చారు. చేతిలో పార ఉంది. దాన్ని సీటు కింద క్యాన్ పక్కన జాగ్రత్తగా పెట్టారు.

"ఇది మీ దగ్గరుంచండమ్మా. కోతలకి వచ్చినప్పుడు తెద్దురుగాని."

"మరి మీకు పార వద్దాండీ? రేపు పనికెలా?"

"ఇంట్లో ఇంకోటుందమ్మా. అయితే ఇంటికెళ్లి అది తెచ్చుకునేలోపు ఆవిడ గుర్తొస్తారు కదా."